బొడ్డు ఊడేదాకా డైపర్‌తో జాగ్రత్త

పుట్టిన బిడ్డని చేతికిచ్చినప్పుడు ముక్కు ఎవరిది, కళ్ళు ఎవరివి అని చూసుకుంటాం కానీ, మొదటిసారి డైపర్ మార్చబోయేసరికి చూపంతా వెళ్ళి ఆ బొడ్డు మీదే పడుతుంది. ప్లాస్టిక్ క్లిప్ పెట్టి, తడితడిగా ఉన్న ఆ ముక్కని చూస్తే చెయ్యి ముందుకు రాదు. మా పెద్దాడప్పుడు దానికి ఎక్కడ తగులుతుందోనని డైపర్ ఎంత వదులుగా వేశానంటే, వాడు ఉచ్చ పోస్తే డైపర్ తప్ప అన్నీ తడిశాయి, బొడ్డుతో సహా. డెలివరీ దగ్గరపడినవాళ్ళు ఇది ఇప్పుడే చదివేయండి, తర్వాత చదివేంత నిద్ర మిగలదు.

ముందు ఆ భయం సంగతి. ఆ ముక్కలో నొప్పి తెలిసే నరాలు ఉండవు, అందుకే కోసినప్పుడు కూడా బిడ్డకి తెలియదు. కాస్త తగిలితే ఏమీ కాదు. లాగితే మాత్రం దాని మొదట్లో ఉన్న చర్మం బతికున్న చర్మమే కాబట్టి నొప్పి పుడుతుంది, రక్తం వస్తుంది. మామూలుగా వారం నుంచి రెండు వారాల్లో అది పసుపు నుంచి గోధుమ రంగుకి, తర్వాత నలుపుకి తిరిగి, ఎండి, తనంతట తనే ఊడిపోతుంది. ఈలోపు దానికి కావాల్సింది గాలి, పొడిగా ఉండడం, అంతే. డైపర్ చేసేదేమో సరిగ్గా ఉల్టా: గాలి ఆపుతుంది, తడి పట్టి ఉంచుతుంది, పైగా మలాన్ని దాని పక్కకే తెస్తుంది. బొడ్డులోని రక్తనాళాలు పూర్తిగా మూసుకుపోవడానికి కొన్ని రోజులు పడుతుంది, అప్పటిదాకా క్రిములకి అదొక తెరిచిన తలుపే.

కాబట్టి డైపర్ పై అంచు బొడ్డుకి కిందే ఉండాలి. కొన్ని న్యూబార్న్ డైపర్లకి ముందువైపు అర్ధచంద్రంలా కత్తిరించి ఉంటుంది, అవి దొరికితే మంచిదే, లేకపోతే మడిస్తే సరిపోతుంది. నేను బయటికి మడిచేదాన్ని, ఎందుకంటే లోపలికి మడిస్తే ప్లాస్టిక్ వైపు పొట్టకి తగిలి చెమట పడుతుందనిపించింది. బయటికి మడిస్తే ఒక తలనొప్పి ఉంది, టేపు అతుక్కునే పట్టీ కొంత మడత కింద దాక్కుంటుంది. అందుకని మడత చిన్నగా పెట్టి, టేపుల్ని కొంచెం కిందికి వాల్చి అతికించాలి. బిడ్డని పడుకోబెట్టకముందే మడిచి పెట్టుకోండి, కాళ్ళు తన్నుతుండగా మడవడం అయ్యే పని కాదు. బిగువు చూడాలంటే నడుము దగ్గర ఒక వేలు సులువుగా దూరాలి.

అతికించాక పని అయిపోయిందనుకోకండి. పుట్టిన పిల్లలు కాళ్ళు ముడుచుకునే ఉంటారు కదా, పడుకున్నప్పుడు కిందున్న డైపర్ ఎత్తుకోగానే పైకి జరిగి, అంచు వెళ్ళి సరిగ్గా బొడ్డుకే ఆనుకుంటుంది. నాకిది మూడో రోజు రాత్రి తెలిసింది, లైటు వేసి చూస్తే అంచు మీద ఆవగింజంత రక్తపు మరక, ఇక తెల్లారేదాకా టెన్షన్. చివరికి అంచు రాసుకుని వచ్చిన చుక్కే అది. అప్పటినుంచి ఎత్తుకున్నాక ఒకసారి, పాలు పట్టాక ఒకసారి వేలితో అంచు కిందికి దించడం అలవాటైపోయింది.

మగపిల్లాడైతే ఇంకొక్కటి, ఇది ఎవరూ చెప్పరు. డైపర్ మూసేముందు అంగాన్ని కిందికి తిప్పి పెట్టాలి, లేకపోతే మూత్రం నేరుగా పైకి, మడత మీదుగా బొడ్డులోకే పోతుంది. డైపర్ విప్పగానే చల్లగాలికి మళ్ళీ పోస్తారు, కాబట్టి విప్పిన వెంటనే ఒక గుడ్డ అడ్డం పెట్టండి. ఆడపిల్లలకి ముందు నుంచి వెనక్కి తుడవాలి, ఇది బొడ్డు ఊడాక కూడా మానకూడదు. గుడ్డ లంగోటీలు వాడేవాళ్ళు ముడి పొట్ట మధ్యలో పడకుండా పక్కకి వేసుకోండి.

ఇంత చూసుకున్నా ఎప్పుడో ఒకసారి మలం అంటుకుంటుంది. కంగారు పడొద్దు. చేతులు కడుక్కుని, నీళ్ళల్లో తడిపి పిండిన మెత్తటి గుడ్డతో మొదలు దాకా తుడిచి, పొడిగుడ్డతో అద్ది, ఐదు పది నిమిషాలు డైపర్ లేకుండా గాలికి వదిలేస్తే చాలు. పౌడర్, నూనె, ఆయింట్‌మెంట్ ఏవీ వద్దు. స్పిరిట్ తుడవడం ఒకప్పుడు మామూలే, ఇప్పుడు ఎక్కువమంది డాక్టర్లు పొడిగా వదిలేయమనే చెప్తున్నారు. ఇన్ఫెక్షన్ ముప్పు ఎక్కువున్న చోట్ల క్లోర్‌హెక్సిడిన్ అనే క్రిములు చంపే మందు ఇస్తారు, మీకూ ఇస్తే చెప్పినన్ని రోజులే రాయండి, అది కంట్లో పడితే ప్రమాదం కాబట్టి చుక్కల మందులకి దూరంగా పెట్టండి. ఊడేదాకా స్నానం బదులు ఒళ్ళు తుడవడమే నయం. పొట్టకి గట్టిగా గుడ్డ చుట్టడం కూడా వద్దు.

ఊడేముందు కాస్త జిగురు, కొద్దిగా వాసన, ఒకటి రెండు రక్తపు చుక్కలు మామూలే. అయితే చుట్టూ చర్మం ఎర్రబడి ఆ ఎరుపు పాకుతున్నా, చీము కారుతున్నా, ముక్కు మూసుకునేంత కంపు వచ్చినా, చుట్టుపక్కల తాకితే బిడ్డ ఏడుస్తున్నా రేపటిదాకా ఆగకుండా చూపించాలి. 38 డిగ్రీల సెల్సియస్, అంటే 100.4 ఫారెన్‌హీట్ జ్వరం ఉన్నా, పాలు తాగకుండా మగతగా పడున్నా బొడ్డు ఎలా ఉందని చూసుకుంటూ కూర్చోకండి, అర్ధరాత్రయినా సరే వెళ్ళిపోండి, ఈ వయసులో జ్వరం అంటే ఎమర్జెన్సీయే. రక్తం కారుతూనే ఉంటే శుభ్రమైన గుడ్డతో అదిమి పట్టుకుని బయల్దేరండి. మూడు వారాలు దాటినా ఊడకపోతే తొందరపడి లాగకుండా డాక్టర్‌ని అడగండి.

సగం ఊడి ఒక పోగు మీద వేలాడే రోజు ఒకటి వస్తుంది, ఇంట్లో ఎవరో ఒకరు "అదిగో, కొంచెం అంటే వచ్చేస్తుంది" అంటారు. అననివ్వండి, మీరు మాత్రం అంటుకోకండి. మా చిన్నదానికి ఆ పోగు రెండు రోజులు వేలాడి, 13వ రోజు పొద్దున డైపర్ విప్పితే మడతలో పడి ఉంది. ఊడిన చోట లేత ఎరుపుగా, కాస్త చెమ్మగా కొన్ని రోజులు ఉంటుంది, అది ఆరేదాకా డైపర్ మడత అలాగే కొనసాగించండి. ఆరకుండా చిన్న గులాబీ రంగు బుడిపెలా ఉండి కారుతుంటే దాన్ని గ్రాన్యులోమా అంటారు, డాక్టర్ దగ్గర సులువుగానే తగ్గిపోతుంది, ఇంట్లో ఏదీ రాయకుండా తీసుకెళ్ళండి చాలు.