ఆటుపోట్లు చూసి దారి గీయండి: పాత తీర విహార పట్టణంలో హెరిటేజ్ వాక్

కోటలున్న ఊళ్ళో హెరిటేజ్ వాక్, అంటే గైడ్ వెంట గుంపుగా నడుస్తూ పాత కట్టడాల కథలు వినే నడక, పెట్టాలంటే ముందు చరిత్ర చదివి, తర్వాత దారి గీసుకుంటే సరిపోతుంది. సముద్రం పక్కన ఉన్న పాత విహార పట్టణంలో ఈ వరస పనికిరాదు. అక్కడ ఎప్పుడు, ఎక్కడ నిలబడగలమో తేల్చేవి ఆటుపోట్లు, గాలి, ఎండ, మెట్లు. ముందు ఈ నాలుగింటి సంగతి చూసుకుని, ఏ కథ ఎక్కడ చెప్పాలో ఆ తర్వాత కూర్చుకోవాలి. లేదంటే మంచి కథ సిద్ధంగా ఉంటుంది, అది చెప్పాల్సిన చోట మోకాలి లోతు నీళ్ళుంటాయి.

ఊరి పొరలు

యూరప్‌లో ఇలాంటి ఊళ్ళు చాలామటుకు ఒకే తీరున ఎదిగాయి. మొదట చేపల పల్లె. 18వ శతాబ్దంలో సముద్రస్నానం వైద్యంగా మారింది. ఇంగ్లండ్‌లో రిచర్డ్ రస్సెల్ అనే డాక్టరు 1750ల్లో సముద్రపు నీళ్ళలో మునగమని, ఆ నీళ్ళే తాగమని కూడా చెప్పి రోగులను బ్రైటన్‌కు రప్పించాడు. జర్మనీలో మొదటి తీర విహార పట్టణం హైలిగెన్‌డామ్ 1793లో మొదలైంది. రోగుల వెనక రాజకుటుంబాలు, వాళ్ళ వెనక డబ్బున్నవాళ్ళు చేరారు. ఆపైన రైలు వచ్చింది. లండన్ నుంచి బ్రైటన్‌కు 1841లో రైలు పడ్డాక, పొద్దున వచ్చి సాయంత్రం పోయే జనం మొదలయ్యారు. పియర్లు (ఒడ్డు నుంచి సముద్రంలోకి కట్టిన పొడవాటి వంతెనలు), బ్యాండ్‌స్టాండ్లు (బ్యాండు వాయించే వేదికలు), కొండవాలు లిఫ్టులు చాలావరకు వాళ్ళ కోసం కట్టినవే.

పటం చేతిలో పట్టుకుని నడిస్తే ఈ పొరలు వేటికవే కనిపిస్తాయి. పల్లె భాగంలో సందులు ఇరుకుగా, వంకరగా ఉంటాయి. అక్కడి ఇళ్ళు గాలికి ఒదిగి ఉంటాయి తప్ప సముద్రం కనపడాలని ఆరాటపడవు. వైద్యం నాటి వీధుల్లోకి రాగానే ఇళ్ళన్నీ సముద్రం వైపు తిరుగుతాయి. పక్కవాటంగా కూడా నీళ్ళు కనపడాలని కిటికీలు విల్లులా ముందుకు ఉబ్బుతాయి. రైలు నాటి పొరకు గుర్తు, స్టేషన్ నుంచి తీరం వైపు దిగే తిన్నని రోడ్డు.

పాత పటాల్లో బ్రిటన్‌కు ఆర్డ్‌నెన్స్ సర్వే వారి 1:2500 కొలత పటాలు, అమెరికాకు శాన్‌బోర్న్ అగ్నిబీమా పటాలు బాగా పనికొస్తాయి. వాటి పక్కన ఆ కాలపు వీధి డైరెక్టరీ పెట్టుకుంటే ఏ ఇంట్లో గదులు అద్దెకిచ్చేవారో, ఏ మూల స్నానశాల ఉండేదో తెలుస్తుంది. ఊరు పెద్ద ప్రమాదానికి గురైందేమో కూడా చూడండి. అమెరికాలోని కేప్ మేలో 1878లో పెద్ద అగ్నిప్రమాదం జరిగింది. ఈనాడు జనం చూడటానికొచ్చే కర్ర ఇళ్ళలో చాలావరకు ఆ తర్వాత లేచినవే. ఆ తేదీ తెలియకుండా నడిపిస్తే ఒక్కో ఇల్లూ ఒక్కో విడి వింతగా మిగిలిపోతుంది.

స్థానికంగా చెప్పుకునే లెక్కలను లెక్కపెట్టకుండా ఎత్తుకోవద్దు. ఇంగ్లండ్‌లోని స్కార్‌బరోలో 1867లో తెరిచిన గ్రాండ్ హోటల్‌కు ఋతువులకు సరిగ్గా 4 బురుజులు, నెలలకు 12 అంతస్తులు, వారాలకు 52 పొగగొట్టాలు, రోజులకు 365 గదులు అని చెప్పడం అలవాటు. బురుజులు ఎదురుగా కనపడతాయి కాబట్టి ధీమాగా చెప్పొచ్చు. మిగతావి చెప్పేటప్పుడు ‘అంటారు’ అని కలపండి.

పోటు లెక్క

బాల్టిక్, మధ్యధరా తీరాల్లో ఆటుపోట్ల తేడా స్వల్పం. హైలిగెన్‌డామ్‌లోనో, ఫ్రాన్స్‌లోని నీస్‌లోనో నడిపేవాళ్ళు ఈ భాగం వదిలేయొచ్చు. అట్లాంటిక్ వైపు, బ్రిటన్ చుట్టూ అలా కుదరదు. ఇంగ్లండ్‌లోని సౌతెండ్ పియర్ 2.16 కిలోమీటర్ల పొడవు ఉండటం దర్పానికి కాదు. ఆటు సమయంలో నీళ్ళు అంత దూరం వెనక్కి పోయి బురద మిగులుతుంది కాబట్టి, పడవలకు నీళ్ళు అందాలంటే అంత పొడవు కట్టక తప్పలేదు.

రెండు పోట్ల మధ్య సుమారు 12 గంటల 25 నిమిషాలు ఉంటుంది. అంటే రోజురోజుకూ పోటు 50 నిమిషాలు ఆలస్యమవుతుంది. వారానికి ఇది దాదాపు 6 గంటలు. ఈ ఆదివారం పదింటికి ఆటు ఉంటే వచ్చే ఆదివారం పదింటికి ఇంచుమించు పోటు ఉంటుంది. ‘ప్రతి ఆదివారం 10 గంటలకు’ అని ప్రకటించి ఇసుక మీద దారి పెట్టినవాళ్ళు రెండో వారమే ఇబ్బంది పడేది ఇందుకే. రెండు వారాలకొకసారి పెట్టుకుంటే ముక్కాలు గంట అటూఇటూగా అదే స్థితి తిరిగొస్తుంది. వారం వారం నడపాలంటే ఇసుక మీద ఒకటి, ప్రొమెనేడ్ (తీరం గట్టు వెంట నడిచే బాట) మీద ఒకటి, రెండు దారులు సిద్ధం చేసుకోండి.

నీళ్ళు ఒకే వేగంతో పెరగవు. ఆటు నుంచి పోటుకు పట్టే 6 గంటల్లో మొదటి గంటలో మొత్తం ఎత్తులో 12వ వంతే పెరుగుతుంది. రెండో గంటలో 2 వంతులు, మూడు, నాలుగు గంటల్లో 3 వంతుల చొప్పున, ఐదులో 2, ఆరులో 1. మధ్య రెండు గంటల్లోనే సగం నీళ్ళు వచ్చేస్తాయన్నమాట. మొదటి గంట చూసి ‘ఇంకా టైముందిలే’ అనుకున్నవాళ్ళే ఇరుక్కుంటారు. ఇది ఉజ్జాయింపు సూత్రమే, తీరం ఆకారాన్ని బట్టి మారుతుంది. అందుకే ఇసుక మీది భాగాన్ని ఆటుకు గంట ముందు మొదలుపెట్టి, ఆటు దాటిన గంటలోపే గుంపు మొత్తాన్ని మెట్లెక్కించేయండి. పున్నమి, అమావాస్యలు దాటిన ఒకటి రెండు రోజుల్లో పోటు బాగా ఎత్తుకొస్తుంది, ఆటు బాగా కిందికి పోతుంది. పాత స్తంభాలు, నీట మునిగిన గోడలు చూపించాలంటే అవే మంచి రోజులు. బురద తీరాలు మాత్రం ఆ రోజుల్లో కూడా వద్దు. వెస్టన్ సూపర్ మేర్ లాంటి చోట్ల ఆటు వేళ బయటపడే బురదలో కాలు దిగితే రాదు.

బ్రిటన్ పోటు పట్టికలతో ఇంకో చిక్కుంది. చాలా పట్టికలు వేసవిలో కూడా గ్రీన్‌విచ్ సమయంలోనే అచ్చవుతాయి. అక్కడ వేసవిలో గడియారాలు ఒక గంట ముందుకు జరుపుతారు, ఆ నెలల్లో పట్టికలోని సమయానికి ఒక గంట కలుపుకోవాలి. పట్టిక పైనో కిందో ఏ సమయమో రాసి ఉంటుంది, చూసుకోండి.

గాలివాటం, ఎండ

ఎండాకాలం నేల వేడెక్కే కొద్దీ, పొద్దెక్కాక సముద్రం వైపు నుంచి గాలి మొదలై మధ్యాహ్నం మూడు ప్రాంతంలో జోరందుకుంటుంది. ప్రొమెనేడ్ మీద మాట్లాడాల్సినవన్నీ పదకొండు లోపు ముగిస్తే గొంతు మిగులుతుంది. తప్పనప్పుడు గాలి వచ్చే వైపు గైడ్ నిలబడాలి, అప్పుడు మాట గాలితో పాటు జనం వైపు పోతుంది. ఇంకా మంచిది, కథను ప్రొమెనేడ్ మీద కాకుండా పక్క వీధి మొగలో, గోడ చాటున చెప్పేసి, తర్వాత తీరానికి తీసుకెళ్ళి వేలుతో చూపించడం. షెల్టర్లు, బ్యాండ్‌స్టాండు వెనకభాగం ఇందుకు బాగుంటాయి. మైకు ఉంది కదా అనుకోవద్దు. నురుగు కవచం లేని మైకులో వినపడేది గాలి హోరే.

ఎండ విషయంలో ముందు తీరం ఏ దిక్కు చూస్తోందో గమనించండి. ఉత్తరార్ధగోళంలో దక్షిణం చూసే బ్రైటన్ తీరపు ఇళ్ళ మీద రోజంతా వెలుగుంటుంది. తూర్పు చూసే స్కార్‌బరోకు ఉదయం, పడమర చూసే బ్లాక్‌పూల్‌కు మధ్యాహ్నం తర్వాత. సున్నపు గచ్చులో పోసిన నగిషీలు, ఇనప బాల్కనీల అల్లికలు పక్క నుంచి ఎండ పడితేనే తేటగా కనపడతాయి. మాట్లాడేటప్పుడు ఎండ గైడ్ కళ్ళలో పడాలి గాని వినేవాళ్ళ కళ్ళలో పడకూడదు.

దారి గీయడం

తీర పట్టణం పొడవాటి పట్టీలా ఉంటుంది. ప్రొమెనేడ్ మీద వెళ్ళి ప్రొమెనేడ్ మీదే తిరిగొస్తే చూసిందే చూసినట్టవుతుంది. ఎత్తు నుంచి పల్లానికి దిగి, తీరం వెంట గాలి వీపున ఉండేలా నడిచి, లోపలి వీధుల్లో ముగించడం మేలు.

బ్రైటన్‌నే తీసుకోండి. అక్కడ ఎక్కువగా వీచేది నైరుతి గాలి. కాబట్టి తీరం మీద పడమర నుంచి తూర్పుకు నడవాలి. స్టేషన్ దగ్గర మొదలుపెట్టి, క్వీన్స్ రోడ్డు దిగి, వెస్ట్ పియర్ శిథిలం దగ్గరికి చేరి, అక్కడి నుంచి తూర్పుగా ప్యాలెస్ పియర్‌కు, లోపలికి మళ్ళి ఓల్డ్ స్టీన్, రాయల్ పెవిలియన్, చివర లేన్స్ అనే ఇరుకు సందులు. మొత్తం సుమారు 3 కిలోమీటర్లు. ఇలా వెళ్తే కాలం వెనక్కి నడుస్తుంది: 1841 రైలు, 1866లో తెరిచి 1975లో మూతపడి 2003లో తగలబడిన వెస్ట్ పియర్, 1899 ప్యాలెస్ పియర్, 1815 నుంచి వాస్తుశిల్పి జాన్ నాష్ మార్చి కట్టిన రాజభవనం రాయల్ పెవిలియన్, ఒకప్పుడు జాలర్లు వలలు ఆరేసుకున్న స్టీన్ మైదానం. రెండు పియర్ల తేదీలు వరస తప్పాయి, తప్పితే తప్పనివ్వండి. కాలక్రమం కోసం గుంపును ఎదురుగాలిలో నడిపించడం కన్నా ఇదే నయం. పైగా పొరలు పై నుంచి ఒలుచుకుంటూ పోవడం వినేవాళ్ళకు తేలిక.

సమయం లెక్క కాగితం మీద వేసుకోండి. ఒంటరిగా గంటకు 5 కిలోమీటర్లు నడిచే మనిషి 15 మంది గుంపులో 3 కిలోమీటర్లే నడుస్తాడు. 3 కిలోమీటర్లకు 60 నిమిషాలు. 9 చోట్ల ఆగి 5 నిమిషాల చొప్పున మాట్లాడితే 45. ఆగిన చోటల్లా వెనకబడ్డవాళ్ళు చేరడానికి, రోడ్డు దాటడానికి ఇంకో 15. మొత్తం రెండు గంటలు. ఇందులో టాయ్‌లెట్ విరామం లేదు. అది పెడితే ఒక మజిలీ తీసేయండి, మాట వేగం పెంచకండి. గులకరాళ్ళ తీరం మీద నడక సగానికి పడిపోతుంది కాబట్టి అక్కడ 200 మీటర్లను 400గా లెక్కేసుకోండి.

కొండ అంచున ఉన్న ఊళ్ళకు మెట్ల సమస్య వేరు. స్కార్‌బరో సౌత్ క్లిఫ్‌లో 1875లో, సాల్ట్‌బర్న్‌లో 1884లో లిఫ్టులు వచ్చింది ఆ వాలు ఎక్కలేకే. సాల్ట్‌బర్న్ లిఫ్టు నీటి బరువుతో నడుస్తుంది, కాబట్టి అది దారిలో భాగమే కాదు, ఒక మజిలీ కూడా. అయితే ఇలాంటివి చలికాలంలో, మరమ్మతులప్పుడు ఆగిపోతాయి. గుంపంతా ఒకే విడతలో ఎక్కకపోవచ్చు కూడా. వాలు బాట ఎక్కడుందో, దాని మీద వీల్‌చైర్ పోతుందో లేదో ముందే నడిచి చూడండి.

మజిలీలు

మజిలీకి మూడు అర్హతలు: 15 మంది కాలిబాటను అడ్డుకోకుండా నిలబడే జాగా, చూపించే వస్తువు నిజంగా కనపడటం, ఒకరి మాట ఇంకొకరికి వినపడటం. పియర్ గేటు ముందు మూడోది దొరకదు. ఆటల యంత్రాల మోత, చిరుతిళ్ళ క్యూ. 100 మీటర్ల ఇవతల ఆగితే పియర్ మొత్తం కనపడుతుంది, కింది ఇనప కాళ్ళతో సహా. ప్రొమెనేడ్ మీద సైకిల్ బాట ఉంటే ఫొటో కోసం వెనక్కి నడిచేవాళ్ళు నేరుగా అందులోకే పోతారు. గోడ వైపు నిలబెట్టండి.

ప్రతి చోటా చూపు ఆనించే వస్తువు ఒకటే ఎంచుకోండి. బ్రైటన్ రాయల్ క్రెసెంట్ దగ్గరైతే ఆ ఇళ్ళ నల్లటి ముఖం చాలు. ఇటుకల్లా కనిపించేవి ఇటుకలు కావు, గోడకు బిగించిన మెరుపు పెంకులు. అదే ఊళ్ళో తెల్లటి పూత వెనక ఉన్న గోడల్లో చాలావాటిలో చెకుముకి రాళ్ళు, ఇటుక ముక్కలు సున్నంలో కలిపి పోసిన ముద్ద ఉంటుంది. దాన్ని బంగరూష్ అంటారు. పూత పగిలితే నీరు దిగి సున్నం కరుగుతుంది, అందుకే ఆ ఇళ్ళకు ఎప్పుడూ రంగు వేస్తూనే ఉంటారు. హుందాగా కనపడే వీధి మొత్తం చవక పనితనం మీద నిలబడి ఉందని తెలిశాక జనం ప్రతి గోడనూ తట్టి చూడబోతారు. అవి ఎవరో కాపురముంటున్న ఇళ్ళని ముందే చెప్పండి.

మాయమైన కట్టడాలకు పాత ఫొటో ఏ4 సైజులో తీసుకెళ్ళండి. మెరిసే లామినేషన్ ఎండలో అద్దమైపోతుంది, మెరుపు లేనిదే చేయించండి. విడి కాగితాలను గాలి ఉంచదు.

ముందు నడక, ఆ రోజు

అదే వారం, అదే గంటకు, మీకు తెలిసినవాళ్ళలో అందరికన్నా నెమ్మదిగా నడిచే మనిషితో ఒకసారి పూర్తిగా నడవండి. ప్రతి మజిలీకి చేరిన నిమిషం, కూర్చునే బెంచీ, దగ్గరి టాయ్‌లెట్, తలదాచుకునే చోటు రాసుకోండి. చలికాలంలో చాలా తీర పట్టణాల్లో టాయ్‌లెట్లకు తాళం పడుతుంది. పియర్ మీదికి గుంపుగా తీసుకెళ్ళాలన్నా, చర్చి ఆవరణలో ఆగాలన్నా నిర్వాహకుల అనుమతి ముందే తీసుకోండి. రుసుము తీసుకుని నడిపిస్తుంటే బాధ్యతా బీమా ఉండాలి.

ఆ పొద్దున పోటు సమయం, గాలి దిక్కు, వేగం మళ్ళీ చూడండి. పోటు, ఒడ్డు మీదికి కొట్టే గాలి కలిసి వచ్చిన రోజున కెరటాలు ప్రొమెనేడ్ గోడ దాటతాయి. అలాంటప్పుడు దారిని ఒక వీధి లోపలికి జరపండి. పచ్చగా పాచి పట్టిన మెట్లు ఎండినట్టు కనపడ్డా జారతాయి. కోత పడే కొండ అడుగున కథ చెప్పడానికి ఆగొద్దు. ఇసుక మీదికి దిగేముందు, మెట్లెక్కాక తలలు లెక్కపెట్టండి. తినుబండారాలు చేతిలో ఉన్నవాళ్ళను బహిరంగంగా నిలబెట్టారంటే సీగల్స్ వచ్చి తన్నుకుపోతాయి, ఆ తర్వాత మీ మాట ఎవరూ వినరు. తిండి విరామం కప్పు కింద పెట్టండి.

గాలి ఎక్కువైతే పియర్లు మూసేస్తారు. కాబట్టి పియర్ మీద చెప్పాలనుకున్నది ఒడ్డు నుంచి చెప్పగలిగేలా, అక్కడికి కనపడే వివరాలతో ఒక పొట్టి రూపం జేబులో ఉంచుకోండి.