ఎండాకాలంలో అడలిముమాబ్: తెచ్చుకోవడం, దాచుకోవడం, వేసుకోవడం

పేగుల్లో వాపు తెచ్చే క్రోన్స్‌కో, అల్సరేటివ్ కొలైటిస్‌కో డాక్టరు అడలిముమాబ్ ఇంజెక్షన్ రాస్తే ముందు టీబీ సంగతి తేలాలి. మన దగ్గర చాలామంది ఒంట్లో టీబీ క్రిమి అణిగి ఉంటుంది. ఈ మందు ఒంట్లో వాపును రేపే టీఎన్‌ఎఫ్ అనే ప్రొటీన్‌ను కట్టడి చేయగానే అది తిరగబెట్టొచ్చు. ఛాతీ ఎక్స్‌రే, టీబీ క్రిమిని పట్టే ఇగ్రా (రక్తపరీక్ష) లేదా మాంటూ (చర్మపరీక్ష), హెపటైటిస్ బి, హెచ్‌ఐవీ రిపోర్టులు రాకుండా తొందరపడొద్దు.

పెద్దవాళ్లకు మామూలు లెక్క: మొదటిరోజు 160 మి.గ్రా., అంటే 40 మి.గ్రా. ఇంజెక్షన్లు నాలుగు. రెండు వారాలకు 80. ఆపైన రెండు వారాలకోసారి 40.

అసలు తంటా మోసుకురావడంలోనే. హైదరాబాద్ నుంచి కర్నూలుకో, బెంగళూరు నుంచి అనంతపురానికో తెచ్చేటప్పుడు మందు 2–8 డిగ్రీల మధ్య ఉండాలి. థర్మాకోల్ పెట్టెలో జెల్ ప్యాకులు పెట్టి, వాటికీ మందు డబ్బాకూ మధ్య తువాలు మడిచి వేయండి. మంచుకు ఆనుకుంటే మందు గడ్డకడుతుంది. కరిగాక తేటగా కనిపించినా అది పారేయాల్సిందే, లోపలి ప్రొటీన్ దెబ్బతిని ఉంటుంది. బస్సు డిక్కీలో మాత్రం వేయకండి, ఒళ్లోనే పెట్టుకోండి.

'బయట 14 రోజులు ఉంచవచ్చు' అని కొన్ని బ్రాండ్ల కాగితంలో ఉంటుంది. ఆ మాట 25 డిగ్రీల లోపుకే. రోహిణి కార్తెలో మన ఇళ్లలో అర్ధరాత్రి కూడా అంత చల్లదనం ఎక్కడిది?

ఫ్రిజ్‌లో మధ్య అర వాడండి. తలుపు అర వేడెక్కుతుంది, ఫ్రీజర్ కింది అర గడ్డకట్టిస్తుంది. కరెంటు పోతే తలుపు తెరవకండి. చిన్న డిజిటల్ థర్మామీటరు ఒకటి లోపల పెడితే అనుమానాలుండవు.

వేసుకునే ముందు పావుగంట నుంచి అరగంట దాకా నీడలో బయట పెట్టండి. చల్లగా గుచ్చితే మంట ఎక్కువ. వేడినీళ్లలో ముంచొద్దు. మందు మబ్బుగా ఉన్నా, నలకలున్నా వాడొద్దు. తొడ మీద గానీ, బొడ్డుకు రెండంగుళాల దూరంలో పొట్ట మీద గానీ, ప్రతిసారీ చోటు మారుస్తూ వేసుకోవాలి. స్పిరిట్ ఆరనివ్వండి. సిరంజి అయితే చర్మం పట్టి ఏటవాలుగా, పెన్ను (నొక్కితే తనే గుచ్చే ఇంజెక్షన్) అయితే నిటారుగా. 'టక్' మనగానే పెన్ను ఎత్తేస్తే సగం మందు చర్మం మీదే కారుతుంది. పెన్ను మీది చిన్న కిటికీలో రంగు పూర్తిగా మారేదాకా అదిమి ఉంచండి. తర్వాత రుద్దొద్దు.

విరేచనాలు తగ్గాయని మానేస్తే, మళ్లీ మొదలెట్టినప్పుడు ఒంట్లో మందును అడ్డుకునే యాంటీబాడీలు తయారై మందు పట్టకపోవచ్చు. జ్వరం, తెగని దగ్గు ఉంటే మాత్రం ఆ డోసు ఆపి డాక్టరుకు ఫోన్ చేయండి.