గేట్ డ్రైవర్ సిమ్యులేషన్‌లో గ్రౌండ్ తప్పులు పట్టుకోవడం ఎలా?

తిరుపతిలో మా వీధి కుర్రాడొకడు బీటెక్ ఆఖరి ఏడాది చదువుతున్నాడు. ఈ-బైక్ మోటార్ ప్రాజెక్టు కోసం ఎల్‌టీ స్పైస్ అనే సర్క్యూట్ సిమ్యులేషన్ సాఫ్ట్‌వేర్‌లో హాఫ్ బ్రిడ్జ్ (బ్యాటరీకీ గ్రౌండ్‌కూ మధ్య ఒకదాని కింద ఒకటిగా రెండు మాస్‌ఫెట్ స్విచ్‌లు) గీసి, మొన్న రాత్రి ల్యాప్‌టాప్‌తో వచ్చాడు. బ్యాటరీ 48 వోల్టులు, మాస్‌ఫెట్‌లను ఆన్-ఆఫ్ చేసే గేట్ డ్రైవర్ సప్లై 12. "అన్నా, పై మాస్‌ఫెట్ గేట్ మీద 59 వోల్టులొస్తాంది, ఇది కాలిపోదా?" అని టెన్షన్ పడుతున్నాడు.

నిజానికి ఆ 59 సరైనదే. కొండ మీద నిలబడిన మనిషి పొడవును అలిపిరి నుంచి కొలిస్తే ఎంతొస్తుంది? మాస్‌ఫెట్‌కు తెలిసింది గేట్‌కూ (ఆన్-ఆఫ్ చేసే కాలు) సోర్స్‌కూ (కరెంటు బయటికి పోయే కాలు) మధ్య తేడా ఒక్కటే. కాబట్టి ముందు ఆ తేడా చూడండి. గేట్ వైరు మీద మౌస్ నొక్కి, వదలకుండా సోర్స్ దాకా లాగి అక్కడ వదలండి. మా వాడికి సుమారు 11.3 వోల్టులు కనిపించింది. 12లో బూట్‌స్ట్రాప్ (పై గేట్‌కు సప్లై అందించే డయోడ్, కెపాసిటర్ జత) డయోడ్ దగ్గర 0.7 పోయిందన్నమాట. పైది ఆన్ అయినప్పుడు సోర్స్ 48 దగ్గర ఉంటుంది, దానికి ఇది కలిపితే ఆ 59.

ఈలోపే భయపడి వాడొక పని చేసి ఉన్నాడు. ఇంకో కాపీలో పై మాస్‌ఫెట్ సోర్స్‌కు గ్రౌండ్ గుర్తు పెట్టాడు. ఇది అస్సలు చేయకూడదు. ఆ సోర్సే కింది మాస్‌ఫెట్ డ్రెయిన్ (కరెంటు లోపలికి వచ్చే కాలు) కూడా. అక్కడ గ్రౌండ్ పెడితే కిందిది షార్ట్ అయినట్టే. పైది ఆన్ కాగానే బ్యాటరీ నేరుగా గ్రౌండ్‌లోకి పోతుంది. కరెంటు గ్రాఫ్ ఒక్కసారిగా వందల ఆంపియర్లకు లేస్తే మొదట ఇదే అనుమానించండి.

దీనికి ఎదురు తప్పు ఇంకోటుంది. పై గేట్‌కు 12 వోల్టుల పల్స్ ఇచ్చి, ఆ పల్స్ మైనస్‌ను సోర్స్‌కు కాకుండా గ్రౌండ్‌కు కలపడం. థ్రెషోల్డ్ (ఆన్ కావడానికి గేట్, సోర్స్‌ల మధ్య కావాల్సిన వోల్టేజి) 4 వోల్టులైతే సోర్స్ 8 దగ్గరే ఆగిపోతుంది. 10 ఓమ్‌ల లోడ్‌లో 0.8 ఆంపియర్ పారుతుంది, మిగతా 40 వోల్టులు మాస్‌ఫెట్ మీదే పడతాయి. అంటే 32 వాట్ల వేడి. బొమ్మ చూస్తే అంతా పనిచేస్తున్నట్టే ఉంటుంది, అందుకే ఇది తొందరగా దొరకదు.

బూట్‌స్ట్రాప్ వాడుతుంటే, ముందు కింది మాస్‌ఫెట్‌ను కాసేపు ఆన్ చేయండి. స్విచింగ్ నోడ్ (రెండు మాస్‌ఫెట్‌లు కలిసే చోటు) వోల్టేజి కిందికి దిగితేనే కెపాసిటర్ నిండుతుంది.

నోడ్ తేలుతోందనో, సింగ్యులర్ మ్యాట్రిక్స్ అనో ఎర్రర్ వస్తే, ఏదో ఒక భాగానికి నోడ్ సున్నా (అసలు గ్రౌండ్) దాకా డీసీ దారి లేదని అర్థం చేసుకోండి. ఏజీఎన్‌డీ (అనలాగ్ గ్రౌండ్), పీజీఎన్‌డీ (పవర్ గ్రౌండ్) అని లేబుల్ పెట్టినంత మాత్రాన అవి గ్రౌండ్ కావు, వట్టి పేర్లు. ఎక్కడో ఒకచోట కలపాలి. ఐసొలేటెడ్ డ్రైవర్ (రెండు వైపుల మధ్య నేరుగా వైరు సంబంధం లేనిది) అయితే రెండు గ్రౌండ్ల మధ్య 100 మెగా ఓమ్‌ల రెసిస్టర్ పెట్టండి. విలువ రాసేటప్పుడు 'మెగ్' అని పూర్తిగా రాయాలి. ఒట్టి 'ఎమ్' రాస్తే స్పైస్‌కు అది మిల్లీ. పెద్దక్షరమైనా అంతే. మీ 100 మెగా ఓమ్‌లు 0.1 ఓమ్ అయిపోయి, రెండు గ్రౌండ్లూ అతుక్కుపోతాయి. చాలామంది గంటలు పోగొట్టుకునేది ఇక్కడే.

ఇవన్నీ సరిపోయాక, సోర్స్ దారిలో, అసలు వైరుకుండే ఇండక్టెన్స్‌కు బదులుగా, 5 నానోహెన్రీలు చేర్చి మళ్లీ రన్ చేయండి. కరెంటు నానోసెకనుకు 0.2 ఆంపియర్ మారితే అక్కడే ఒక వోల్టు పుడుతుంది. డ్రైవర్ రిటర్న్ వైరును సరిగ్గా సోర్స్ కాలి దగ్గరే కలిపి, ఎంత తగ్గిందో చూడండి.

ల్యాబ్‌లో బోర్డు మీద కొలిచేటప్పుడు మాత్రం మామూలు ప్రోబ్ గ్రౌండ్ క్లిప్పును స్విచింగ్ నోడ్‌కు తగిలించకండి. అది ఆసిలోస్కోప్ ద్వారా ఎర్త్‌కు కలిసి ఉంటుంది. అక్కడ డిఫరెన్షియల్ ప్రోబే (రెండు చోట్ల మధ్య తేడాను కొలిచేది) వాడాలి.