మొటిమల మందు: మూడు నెలలు మానకుండా వాడాలంటే

మొటిమలకు రాసే అడాపలీన్ జెల్ మొదలుపెట్టి రెండు నెలలైనా 15 గ్రాముల ట్యూబు సగం కూడా ఖాళీ కాలేదంటే తప్పు మందుది కాదు. మీరు సరిపడా రాయలేదు, లేదా చాలా రాత్రులు అసలు రాయలేదు. డాక్టరు దగ్గరికి మళ్ళీ వెళ్ళేటప్పుడు ఆ ట్యూబు వెంట తీసుకెళ్ళండి. దాన్ని చూస్తే అసలు సంగతి తెలిసిపోతుంది.

మొటిమ పైకి కనబడడానికి వారాల ముందే లోపల చర్మరంధ్రం పూడుకుపోతుంది. రాత్రిపూట రాసే జెల్ కొత్త రంధ్రాలు పూడకుండా చూస్తుంది. ఇప్పటికే లోపల తయారైనవి మాత్రం బయటికి వస్తూనే ఉంటాయి. అందుకే తేడా కనబడడానికి 8 నుంచి 12 వారాలు పడుతుంది. మొదటి నెలలో మొటిమలు కాస్త పెరిగినట్టు అనిపించడం, చర్మం పొట్టు లేవడం, చురచురమనడం మామూలే. ఎక్కువమంది మానేసేది సరిగ్గా అప్పుడే.

ఆ మంట చాలావరకు రాసే తీరు వల్ల వస్తుంది. ఘాటులేని ఫేస్‌వాష్‌తో కడిగి, ముఖాన్ని తువ్వాలుతో అద్ది, 20 నిమిషాలు ఆగండి. తడి ముఖం మీద రాస్తే మంట ఎక్కువ. మొత్తం ముఖానికి బఠాణీ గింజంత జెల్ చాలు. నుదుటి మీద, రెండు బుగ్గల మీద, ముక్కు మీద, గడ్డం మీద చుక్కలు పెట్టి పలచగా పరచండి. మొటిమ మీద మాత్రమే అద్దితే పక్కన రాబోయేది ఆగదు. కళ్ళ చుట్టూ, ముక్కు పక్క మడతల్లో, పెదాల మూలల్లో రాయకండి. ఆపైన మాయిశ్చరైజర్ రాయాలి. మొదటి రెండు వారాలు రాత్రి విడిచి రాత్రి రాసి, చర్మం ఓర్చుకుంటే రోజూ రాయండి. అయినా మండుతుంటే జెల్‌కు ముందొకసారి, తర్వాతొకసారి మాయిశ్చరైజర్ రాయండి. ఒక రాత్రి మర్చిపోతే మర్నాడు రెండింతలు రాయకూడదు. ట్యూబును టూత్‌బ్రష్ పక్కన పెట్టుకుంటే ఫోన్ అలారం కన్నా బాగా గుర్తుంటుంది.

ఈ మందు వాడుతూ సున్నిపిండితో నలుగు పెట్టడం, నిమ్మరసం రాయడం, పై పెదవికి వాక్సింగ్ చేయించుకోవడం వద్దు. వాక్సింగ్‌లో వెంట్రుకతో పాటు చర్మమూ లేచి వస్తుంది, ఆ తర్వాత నల్లమచ్చ మిగులుతుంది. తప్పు మందు మీదికి నెట్టి ట్యూబు అవతల పారేస్తారు. పగలు ఎస్‌పీఎఫ్ 30 సన్‌స్క్రీన్ తప్పనిసరి.

మొటిమలకు రాసే మరో మందు బెంజాయిల్ పెరాక్సైడ్ బట్టల రంగు తినేస్తుంది. ఇంట్లో దానిమీద గొడవ మొదలవకముందే తెల్ల తువ్వాలు, తెల్ల దిండు గలీబు వాడండి. దానితోపాటు అడాపలీన్ కోవకే చెందిన ట్రెటినాయిన్ కూడా డాక్టరు ఇచ్చి ఉంటే రెండూ ఒకేసారి పూయొద్దు, పెరాక్సైడ్ ఉదయం, ట్రెటినాయిన్ రాత్రి. పెరాక్సైడ్ ట్రెటినాయిన్‌ను పాడుచేస్తుంది. అడాపలీన్‌కు ఆ ఇబ్బంది లేదు.

మొటిమలకు ఇచ్చే యాంటీబయాటిక్ డాక్సీసైక్లిన్ మాత్రను నిండు గ్లాసు నీళ్ళతో మింగి, కనీసం అరగంట నడుము వాల్చకుండా ఉండాలి. పడుకోబోతూ గుక్కెడు నీళ్ళతో వేసుకుంటే అది ఆహారనాళానికి అంటుకుని పుండు చేస్తుంది. ఐరన్, కాల్షియం, గ్యాస్ మందులకూ దీనికీ మధ్య రెండు మూడు గంటల ఎడం ఉండాలి, లేకపోతే ఒంటికి సరిగా పట్టదు.

అసలు ప్రమాదం మందుల షాపులో అడక్కుండానే చేతికిచ్చే క్రీముతో. అందులో బీటామెథసోన్ లాంటి స్టెరాయిడ్ ఉంటే మొదట్లో ముఖం నిగనిగలాడుతుంది. కొన్నాళ్ళకు అదే కొత్త మొటిమలు తెస్తుంది, ఆపితే ముఖం ఎర్రబడి మండుతుంది. మూడు నెలల ఓపికను ఒక్క వారం మెరుపు చెడగొడుతుంది. ట్యూబు మీద పేరు చదివాకే కొనండి.

చీటీలో అయిదారు రకాలుంటే, వాటిలో తప్పనిసరివి ఏవో అక్కడే అడిగేయండి. రోజూ వాడే రెండు మందులు బల్ల మీద మూలుగుతున్న ఆరింటికంటే నయం. నెలకోసారి అదే కిటికీ దగ్గర ఫోటో తీసుకోండి. రోజూ అద్దంలో చూసే కంటికి తేడా తెలియదు.

గర్భం వచ్చినా, ప్రయత్నిస్తున్నా ఈ జెల్‌లు, డాక్సీసైక్లిన్ గురించి వెంటనే డాక్టరుతో మాట్లాడాలి. మొండి మొటిమలకు ఇచ్చే ఐసోట్రెటినాయిన్ మాత్ర అయితే గర్భంలో అస్సలు వాడకూడదు. ముఖం వాచినా, బొబ్బలు లేచినా మందు ఆపి ఆ రోజే చూపించుకోండి.

ముఖం తేటపడ్డాక జెల్ ఒక్కసారిగా ఆపేస్తే మొటిమలు మళ్ళీ వస్తాయి. ఎన్నాళ్ళు, వారానికి ఎన్ని రాత్రులు కొనసాగించాలో అప్పుడే రాయించుకోండి.