కాకసస్ పద్యాన్ని చదవడం – 3వ పాఠం: ముఖమ్మస్ జార్జియాకు వెళ్లి ముఖంబాజీ అయిన తీరు

గత పాఠంలో చూసిన గోష్మా అనే అజర్‌బైజానీ పద్యరూపంలో చరణానికి నాలుగు పాదాలు, పాదానికి 11 అక్షరాలు ఉండేవి. ఈసారి ముఖమ్మస్ అనే అయిదు పాదాల చరణాన్ని, భాష తెలియకపోయినా, కంటితోనే గుర్తుపట్టడం నేర్చుకుందాం.

అరబీలో ఖమ్స అంటే అయిదు. ముఖమ్మస్ అన్న పేరు అక్కడిదే. మొదటి చరణంలోని అయిదు పాదాలకూ ఒకే అంత్యప్రాస ఉంటుంది. రెండవ చరణం నుండి నాలుగు పాదాలు కొత్త ప్రాసకు మారినా, అయిదవది మాత్రం తొలి చరణపు ప్రాసకే తిరిగి వస్తుంది. గుర్తుల్లో రాస్తే కకకకక, చచచచక, టటటటక. పద్యం చదివే తెలుగువారి కన్ను అలవాటు కొద్దీ పాదంలోని రెండవ అక్షరం మీదికి పోతుంది కాబట్టి, ఇక్కడ పట్టుబట్టి పాదం చివరి నుండి వెనక్కి చదవాలి.

అజర్‌బైజానీ కవి మొల్లా పనాహ్ వాగిఫ్ (1717–1797) జార్జియాను ఆనుకుని ఉన్న గజఖ్ ప్రాంతంలో పుట్టాడు (ఇది కజఖ్‌స్థాన్ కాదు). ఆయన ప్రసిద్ధ ముఖమ్మస్ తొలి చరణంలో ప్రతి పాదమూ ‘గొర్మెదిమ్’ అనే మాటతో, అంటే ‘నేను చూడలేదు’ అని ముగుస్తుంది. తెలుగు గజల్ చదివినవారు దీన్ని వెంటనే రదీఫ్, అంటే పాదాల చివర మారకుండా తిరిగి వచ్చే మాట, అంటారు. దాన్ని వేలితో మూసి దాని ముందు మాటలు చూడండి: హాలెత్, సదాగెత్, దెయానెత్. రదీఫ్‌కు ముందు వచ్చే ప్రాస, కాఫియా, అదే.

జార్జియన్‌కూ తుర్కిక్ కుటుంబానికి చెందిన అజర్‌బైజానీకీ చుట్టరికం లేదు, అయినా ఈ రూపం ముఖంబాజీ అన్న పేరుతో జార్జియన్‌లో స్థిరపడింది. దీన్ని పుస్తకాలకన్నా ముందు జార్జియా రాజధాని త్బిలిసీ వీధుల్లోని ఆషుగ్‌లు, అంటే పాడే కవులు, మోశారన్నది నా అభిప్రాయం. జార్జియా రాజు రెండవ ఎరెక్లే ఆస్థానంలో ఉన్న ఆర్మేనియన్ కవి సాయత్ నోవా మూడు భాషల్లో పాటలు కట్టాడు; వాటిలో అజర్‌బైజానీ పాటలే ఎక్కువ. 1795లో ఇరాన్ పాలకుడు ఆగా మొహమ్మద్ ఖాన్ సేనలు త్బిలిసీని కొల్లగొట్టినప్పుడు సాయత్ నోవా చనిపోయాడు. 19వ శతాబ్దంలో జార్జియన్ కవులు అలెగ్జాండర్ చావ్‌చవాద్జే, గ్రిగోల్ ఓర్బెలియానీ ఈ రూపాన్ని చేపట్టారు. రష్యా సైన్యంలో జనరల్ అయిన ఓర్బెలియానీ, తన రాజవంశపు గొంతు పక్కనపెట్టి, త్బిలిసీ పనివాళ్ల గొంతుతో ముఖంబాజీ రాయడం నాకు ఎప్పటికీ ముచ్చటే.

త్యాగరాజు కీర్తనలోలాగే ఈ పాటల్లోనూ చివర కవి ముద్ర వెతకాలి. త్బిలిసీ ఆషుగ్ ఇయెతిమ్ గుర్జీ (1875–1940) పేరునే తీసుకోండి: అజర్‌బైజానీలో ‘యెతిమ్’ అనాథ, ‘గుర్జు’ జార్జియన్. ఒక జార్జియన్ కవి తన జాతిని పొరుగు భాష మాటతో చెప్పుకున్నాడు.

అభ్యాసం: ఏదైనా జార్జియన్ ముఖంబాజీని తెరిచి, ప్రతి పాదం చివరి మాటను కాగితం మీద దించండి; లిపి రాకపోతే బొమ్మలా గీసినా చాలు. జార్జియన్ నామవాచకాలు ప్రథమా విభక్తిలో ఎక్కువగా ‘ఇ’తోనే ముగుస్తాయి కనుక, చివరి అక్షరం ఒక్కటే కలిస్తే ప్రాస అనుకోకండి, కనీసం రెండక్షరాలు కలవాలి. తర్వాత క, చ, ట గుర్తులు వేసి, రెండవ చరణం అయిదవ పాదం ‘క’కు తిరిగి వచ్చిందో లేదో చూడండి.