హెర్బేరియం పని నేర్చుకుందాం – 4: ముసురు రోజుల్లో బీరువా

హెర్బేరియం అంటే ఎండబెట్టిన మొక్కలను షీట్లకు అతికించి దాచే చోటు. గత పాఠంలో ఎండిన మొక్కను షీటుకు అతికించి లేబుల్ రాశాం. మైపాడు ఇసుకలో రావణాసురుడి మీసాలు తెచ్చి ఒక్క షీటే చేసినవాళ్లు ఇంకోసారి వెళ్లిరావాలి. ఆ గడ్డిలో మగ మొక్క వేరు, ఆడ మొక్క వేరు. రెండూ బీరువాలో ఉండాలి.

ఇప్పుడు ఆ బీరువా సంగతి. నెల్లూరులో అక్టోబరు, నవంబరు వస్తే హెర్బేరియం చూసేవాళ్లకు టెన్షనే. తుపాను ముసురు పట్టి నాలుగు రోజులు ఎండ మొహం కనపడదు. షీట్లు మెత్తబడతాయి, బూజు పడుతుంది. సముద్రపు ఒడ్డు మొక్కలతో ఇంకా కష్టం. ఆకుల్లోని ఉప్పు తేమను లాగేసుకుంటుంది. బాలబంది తీగ షీటు పట్టుకుని చూడండి, తెలుస్తుంది. బీరువాలో తేమ పీల్చే సిలికాజెల్ సంచులు పెట్టండి. వాటిలోని నీలం గింజలు గులాబీ రంగుకు మారితే వేడిచేసి మళ్లీ వాడుకోవచ్చు.

తేమ కన్నా పెద్ద శత్రువు పురుగు. ఒంగోలు, కందుకూరు వైపు పొగాకు నిల్వ చేసేవాళ్లకు బాగా తెలిసిన పురుగే ఇది: లాసియోడెర్మా సెర్రికోర్న్. ఎర్రటి గోధుమ రంగు, రెండు మూడు మిల్లీమీటర్లు. ఎండిన ఆకు పొగాకైనా, మీ షీటు మీదిదైనా దానికి ఒకటే. గడ్డిచామంతి లాంటి పొద్దుతిరుగుడు కుటుంబం మొక్కల పూలగుత్తులంటే మరీ ఇష్టం. షీటు మీద సన్నని పొడి, ఆకులో గుండుసూది బెజ్జాలు కనిపిస్తే పుచ్చు మొదలైనట్టే.

నాఫ్తలీన్ ఉండలు పెట్టాం కదా అని ధీమాగా ఉండకండి. అవి పురుగును దూరంగా ఉంచుతాయేమో కానీ, లోపల చేరినదాన్ని నమ్మకంగా చంపవు. చంపేది చలి. షీట్లను కట్టగట్టి, పాలిథీన్ సంచిలో గాలి చొరకుండా మూసి, మైనస్ 20 డిగ్రీల ఫ్రీజర్‌లో వారం రోజులు ఉంచాలి. బయటికి తీశాక ఒక రోజంతా సంచి విప్పకూడదు. నేను మొదటిసారి ఆత్రం కొద్దీ వెంటనే విప్పాను. చల్లటి షీట్ల మీద చెమ్మ పట్టి, రెండు లేబుళ్ల సిరా అలుక్కుపోయింది. సంచి మూసి ఉంటే ఆ చెమ్మ బయటే ఆగిపోయేది.

కొత్తగా తెచ్చిన ప్రతి షీటూ ఫ్రీజర్ దాటాకే బీరువాలోకి వెళ్లాలి. మీ ప్రొఫెసర్‌గారు తెచ్చినదైనా సరే, మొహమాటం వద్దు.

పాత షీట్ల దగ్గర జాగ్రత్త. పూర్వం పురుగు పట్టకుండా మొక్కలకు మెర్క్యురిక్ క్లోరైడు పూసేవారు. అది విషం, ఏళ్లు గడిచినా పోదు. గ్లౌజులు వేసుకోండి, కిటికీలు తెరవండి, పని అయ్యాక చేతులు కడుక్కోండి. ఆ బల్ల దగ్గర టీ తాగొద్దు.

షీట్లను పుస్తకం పేజీల్లా తిప్పితే ఎండిన పువ్వు రాలిపోతుంది. రెండు చేతులతో ఎత్తి, బోర్లించకుండా పక్కన పెట్టండి. రాలిన గింజనూ రేకునూ పారేయొద్దు. చిన్న కాగితపు పొట్లంలో వేసి అదే షీటుకు అతికించండి. పేరు తప్పని తేలినా పాత లేబుల్ కొట్టేయకూడదు. సరైన పేరు, మీ పేరు, తేదీ వేరే చీటీ మీద రాసి పక్కన అతికించాలి. మొదట అలా ఎందుకు అనుకున్నారో తర్వాత వచ్చేవాళ్లకు కావాలి.

ఈ వారం పని: మీ బీరువాలో ఒక అర ఎంచుకుని, పదిషీట్లను భూతద్దంతో చూడండి. పొడి, బెజ్జం, బూజు ఏది కనిపించినా షీటు నంబరుతో నోటుబుక్కులో రాసుకోండి. ఏమీ లేకపోతే అదీ తేదీ వేసి రాయండి.