కౌడియాల నుంచి రిషీకేశ్‌కు రాఫ్టింగ్: ముందే తేల్చుకోవాల్సినవి

రిషీకేశ్ వెళ్లినవాళ్లలో ఎక్కువమంది ఎక్కేది శివపురి రాఫ్టే. 16 కిలోమీటర్ల దూరం, చాలావరకు 3వ స్థాయి ర్యాపిడ్లు (నీరు రాళ్ల మధ్య ఉరకలేసే చోట్లు; కష్టాన్ని బట్టి 1 నుంచి 6 దాకా స్థాయిలిస్తారు). గంగ అసలు ఉగ్రరూపం ఇంకా ఎగువన, కౌడియాల నుంచి కనిపిస్తుంది. అక్కణ్ణుంచి రిషీకేశ్‌కు సుమారు 36 కిలోమీటర్లు. బ్యాసి దగ్గర ‘ది వాల్’ అనే ర్యాపిడ్ 4వ స్థాయి దాటుతుంది. అక్కడ నీరు బండను కొట్టి వెనక్కి మళ్లుతుంది, రాఫ్టులు తిరగబడటం మామూలే.

మీ జట్టులో అందరికంటే వెనకబడే మనిషిని చూసి మార్గం ఎంచుకోండి. ఈత రాకపోయినా లైఫ్ జాకెట్ ఉందిగా అనుకునేవాళ్లను కౌడియాలకు తీసుకెళ్లకండి. మొదటి రోజు శివపురి చేసి, పడవలోంచి పడినా కంగారుపడని వాళ్లతోనే రెండో రోజు పైకి వెళ్లండి. హైదరాబాద్ నుంచి విమానం దిగి అదే రోజు నీళ్లలోకి దిగే ఆలోచన మానుకోండి.

జులై, ఆగస్టుల్లో వరద వల్ల రాఫ్టింగ్ ఆపేస్తారు. వానలు తగ్గాక మొదట్లో నీటిమట్టం ఎక్కువ. డిసెంబరు, జనవరుల్లో మట్టం తగ్గుతుంది గానీ నీరు ఎముకలు కొరికేస్తుంది, వెట్‌సూట్ తప్పనిసరి. ఎగువన గంగగా కలిసే రెండు నదుల్లో భాగీరథిపై టెహ్రీ, అలకనందపై (ఉత్తరాఖండ్‌లోని) శ్రీనగర్ ప్రాజెక్టులు కరెంటు కోసం నీళ్లు వదిలినప్పుడల్లా మట్టం మారుతుంది. అందుకే పొద్దున చూసిన ర్యాపిడ్ సాయంత్రానికి అలాగే ఉండదు. ‘ఈ రోజు మట్టం ఎంత, ది వాల్‌ను రాఫ్ట్‌లోనే దాటిస్తారా, ఒడ్డు వెంట నడిపిస్తారా?’ అని బుకింగ్ రోజున కాదు, బయలుదేరే పొద్దున అడగాలి. వెంట సేఫ్టీ కయాక్ (నీళ్లలో పడినవాళ్లను అందుకునే చిన్న పడవ), రాఫ్ట్‌లో త్రో బ్యాగ్ (విసిరే తాడున్న సంచి) లేకపోతే ఆ కంపెనీని వదిలేయండి.

లైఫ్ జాకెట్ బకిల్స్ బిగించాక, భుజాల దగ్గర పట్టుకుని పైకి లాగమని పక్కవాళ్లకు చెప్పండి. గడ్డం దాటి వస్తే వదులు. నూలు బట్టలు వద్దు, తడిస్తే ఒంట్లోని వేడి లాగేస్తాయి. ఉంగరాలు, మట్టెలు, గొలుసులు గదిలోనే తీసిపెట్టండి. తెడ్డు పైనున్న పిడిని అరచేత్తో కప్పి పట్టుకోవాలి. వదిలేస్తే పక్కవాళ్ల పళ్లు రాలేది దానివల్లే.

రాఫ్ట్ అడ్డంగా బండను తాకితే మనిషి సహజంగా బండకు దూరంగా జరుగుతాడు. అదే పొరపాటు. రాఫ్ట్ అంచున గాలి నింపిన గొట్టం ఎగువవైపు మునిగి, దానిమీదికి నీళ్లెక్కి, రాఫ్ట్ బండకు చుట్టుకుపోతుంది. గైడ్ అరవగానే అందరూ బండవైపే ఎగబడాలి.

నీళ్లలో పడితే వెల్లకిలా తేలండి. కాళ్లు దిగువకు, కాలివేళ్లు నీటిపైన, మోకాళ్లు కొంచెం వంచి ఉండాలి. అల తల దాటాక ఊపిరి పీల్చండి. లోతు మోకాళ్ల కిందికి వచ్చేదాకా నిలబడొద్దు. రాళ్ల సందులో పాదం ఇరుక్కుంటే ప్రవాహం మనిషిని ముందుకు పడేసి ముఖాన్ని నీళ్లలో అదిమేస్తుంది. కొమ్మలు, దుంగలు అడ్డమొస్తే మాత్రం బోర్లా తిరిగి, తల ముందుంచి గట్టిగా ఈది పైకెక్కాలి. కాళ్లు ముందుంచితే నీరు ఆ కొమ్మల కిందికి లాగేస్తుంది. తాడు విసిరితే సంచిని కాదు, తాడునే పట్టుకుని భుజం మీదుగా వేసుకుని, ఒడ్డునున్న మనిషికి వీపు పెట్టండి. రాఫ్ట్ కింద చిక్కుకుంటే రెండు చేతులూ పైకెత్తి అడుగుభాగాన్ని తడుముతూ ఒకే దిక్కుకు కదలండి. బయటికొచ్చాక రాఫ్ట్‌కు ఎగువవైపే ఉండాలి. దిగువన ఉంటే రాఫ్టుకూ బండకూ మధ్య నలిగిపోతారు.

ఇంత దూరానికి దాదాపు పగలంతా పడుతుంది కాబట్టి పొద్దున్నే మొదలుపెట్టండి. పొడిబట్టలు, మందులు నదిలోకి తేకుండా, దిగే చోటికి వచ్చే వాహనంలో పెట్టించండి.